వాష్ ఏరియాలో ఇంటర్వ్యూ

పుప్పాలగూడలో ఒక ఫ్లాటు. వంటింటి వెనక వాష్ ఏరియా. ఉతకడానికి బట్టలేమీ లేకపోయినా వాషింగ్ మెషిన్ తిరుగుతోంది. జయంతి, ఆమె కూతురు రసజ్ఞ.

"తలుపు దగ్గరగా వేశావా?"

"వేశానమ్మా. మెషిన్ కూడా తిరుగుతోంది. గట్టిగా అరిస్తే తప్ప హాల్లోకి వినపడదు."

"గట్టిగా ఎందుకు మాట్లాడతాను?"

"ఇంటర్వ్యూలో కూడా ఇలాగే గుసగుసలాడతావా? ఆ ప్రిన్సిపాలేం తన చెవి తెచ్చి నీ నోటి దగ్గర పెట్టదు. మొదలెడదాం. నేను ప్రిన్సిపాల్ని. కూర్చోండి జయంతి గారూ."

"దేనిమీద? బకెట్ మీదా?"

"బోర్లించాను కదా, కూర్చోండి. ఎమ్మే సైకాలజీ, దూరవిద్య. మంచిది. మరి ఇన్నేళ్ళూ ఉద్యోగం ఎందుకు చెయ్యలేదు?"

"అది అడగరు."

"అదే మొదట అడుగుతారు."

"అడిగితే అప్పుడు చూద్దాం. నువ్వు దృక్పథాలు అడుగు. కౌన్సెలర్ పోస్టుకి తప్పకుండా అడిగేది అదేనని మా రేఖ చెప్పింది. తను కిందటేడు ఇలాంటి బడికే వెళ్ళింది."

"సరే. మనిషి ప్రవర్తనని సైకాలజీలో ఒక్కో దృక్పథం ఒక్కోలా చూస్తుంది కదా. వాటి మధ్య తేడా ఏంటి? ఒకే ఉదాహరణ తీసుకుని చెప్పండి."

"ఒక పిల్లాడు గోళ్ళు కొరుక్కుంటాడనుకోండి..."

"ఆగండి. పొద్దున్నించీ వచ్చినవాళ్ళందరూ ఆ పిల్లాడిచేత గోళ్ళే కొరికించారు. వేరే ఉదాహరణ."

"పరీక్షంటే భయపడే అమ్మాయి."

"అదీ అయిపోయింది. నేనిస్తాను చూడండి. ఒక పెద్దమనిషి. హైటెక్ సిటీలో ఉద్యోగం. ఇంట్లో హాల్లో కెమెరా పెట్టించాడు. దానికో మైకు, దానికో స్పీకరు. ఆఫీసులో కూర్చుని..."

"రసా."

"పేరు శేఖర్ అనుకుందాం."

"రసా! తండ్రిని పేరు పెట్టి పిలుస్తావా?"

"ఉదాహరణమ్మా!"

"ఉదాహరణకి ప్రపంచంలో ఇంకెవరూ దొరకలేదా?"

"మన టవర్లో ఏ తలుపు కొట్టినా దొరుకుతారు. కానీ నీకు బాగా తెలిసిన కేసు ఇదే కదా. తెలిసింది చెప్తే తడబడవు."

"జయంతీ!"

"వచ్చింది హాల్లోంచి ఆకాశవాణి."

"ష్... ఆఁ, ఏమండీ! ఇక్కడే ఉన్నాను, వాష్ ఏరియాలో!"

"మళ్ళీ మెషిన్ వేశావా? పొద్దున వేశావుగా!"

"దుప్పట్లండీ!"

"హాల్లో ఎవరూ లేరు, ఫ్యాన్ తిరుగుతోంది!"

"కట్టేస్తున్నానండీ!"

"అమ్మా, పరిగెత్తకు, నేల తడిగా ఉంది. అమ్మా!"

"ఇదిగో, కట్టేశానండీ."

"రసజ్ఞ చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయేం? కాలేజీకి వెళ్ళలేదా?"

"తలనొప్పిగా ఉందిటండీ."

"మాత్ర వెయ్యి. ఏసీలో పడుకోవద్దను. సరే."

"...పద రసా, వాష్ ఏరియాలోకి పద."

"నాకు తలనొప్పి అంటించేశావా?"

"మరేం చెప్పను? నన్ను ఇంటర్వ్యూకి తయారుచెయ్యడానికి ఆగిపోయిందని చెప్పనా?"

"చెప్పొచ్చుగా. వద్దంటారా?"

"వద్దనరు. మీ నాన్న ఏనాడైనా ఒక్కదానికి వద్దన్నారా? ఎక్కడా అంటారు. అక్కడ ఎవరుంటారంటారు. ఎందులో వెళ్తావ్, ఎప్పుడొస్తావ్, ఆ వేళకి ఎండగా ఉంటుందేమో అంటారు. అన్నిటికీ జవాబులు చెప్పేసరికి నాకే వెళ్ళాలనిపించదు. మణికొండ బళ్ళో ఇంటర్వ్యూ ఉన్న రోజున చీర కట్టుకుని కూడా విప్పేశాను."

"తెలుసు. అందుకే ఇవాళ నేనిక్కడున్నాను. ఇవాళ విప్పనివ్వను."

"ఈ లింగంపల్లి బడి కాస్త దూరం కదా అని..."

"అమ్మా. పన్నెండింటికి నువ్వు ఆ బళ్ళో ఉండాలి. ఉంటావు. కానివ్వు, పెద్దమనిషి కేసు దగ్గరున్నాం."

"మీ నాన్న అనొద్దు, శేఖర్ అనొద్దు. పెద్దమనిషి అను చాలు."

"పెద్దమనిషే."

"సరే. మనోవిశ్లేషణ. మా పుస్తకంలో ఆ గడ్డం ఆయన మొదలుపెట్టింది. వాళ్ళేమంటారంటే, మనిషి ఇవాళ చేసే పనికి వేరు చిన్నతనంలో ఉంటుంది. అది ఆ మనిషికే తెలీదు. మనసు దాన్ని అడుగున దాచేసుకుంటుంది. ఇప్పుడు ఈ పెద్దమనిషి ఉన్నారు. చిన్నప్పుడు ఒకరోజు పొద్దున్నే ఆయన బడికి వెళ్తుంటే వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. సాయంత్రం వచ్చేసరికి లేదు. అమ్మేదంటే స్నానం చేస్తోందన్నారట. మర్నాడూ అదే చెప్పారట. ఆ పిల్లాడు నీళ్ళగది తలుపు దగ్గరే కూర్చున్నాడట."

"...మరి ఆవిడ?"

"ఆస్పత్రికి తీసుకెళ్ళారు. రాలేదు."

"నాయనమ్మ సంగతి నాకెప్పుడూ ఇలా చెప్పలేదే!"

"ఆయన నాకూ చెప్పలేదు. మీ పెద్దత్తయ్య చెప్పింది, నీ బారసాల రోజున. అప్పట్నుంచీ ఆయన పిలిస్తే పలక్కుండా ఉండలేను నేను. ...ఏంటి, ప్రిన్సిపాల్ గారు కళ్ళు తుడుచుకుంటున్నారు?"

"కంట్లో సర్ఫు పడింది. సరే, మార్కులు వేశాను. కానీ నాదొక డౌటు. ఇది తెలిస్తే కెమెరా తీసేస్తారా?"

"తియ్యడం గురించి కాదే. అర్థం చేసుకోవడం గురించి."

"ఓహో. తర్వాతది."

"బిహేవియరిజం. వీళ్ళకి చిన్నతనంతో పనిలేదు, లోపలేముందన్నదీ అక్కర్లేదు. బయటికి కనపడేదే లెక్క. గంట కొట్టి తిండి పెడితే, కొన్నాళ్ళకి గంట వింటేనే కుక్కకి నోరూరుతుంది. అదొకటి. ఇంకోటేమిటంటే, ఒక పని చేసినప్పుడు మంచి ఫలితం వస్తే ఆ పని మళ్ళీ మళ్ళీ చేస్తాం."

"పెద్దమనిషికి వచ్చే ఫలితం ఏంటి?"

"పిలిస్తే పలకడం."

"ఎవరు పలకడం?"

"ఇంట్లోవాళ్ళు."

"అంటే ఆయనకి ఈ అలవాటు నేర్పింది ఇంట్లోవాళ్ళేనా?"

"అలా అనకూడదు."

"అలాగే వస్తోంది కదమ్మా లెక్క! ఆయన జయంతీ అంటారు, నువ్వు తడి కాళ్ళతో పరిగెడతావు. ఇందాక జారిపడేదానివి. ఒక్కసారి పలక్కుండా ఉండి చూడు."

"అది ఇంకా ప్రమాదం. ఒకసారి పలికి ఒకసారి పలక్కపోతే ఆ అలవాటు మరీ గట్టిపడుతుంది. మానితే పూర్తిగా మానాలి. మానిన కొత్తలో ఇదివరకటి కంటే ఎక్కువగా పిలుస్తారు. దాన్ని ఓర్చుకోవాలి."

"ఓర్చుకో."

"చెప్పినంత తేలిక కాదు."

"మన పనిమనిషి సక్కుబాయి ఓర్చుకుంది."

"సక్కుబాయి మానేసి వెళ్ళిపోయింది. ఓర్చుకోవడం కాదది."

"ఏమందో గుర్తుందా? సోఫా కింద ఊడవలేదని నాన్న స్పీకర్లోంచి అంటే చీపురు అక్కడే పారేసింది. 'ఏందమ్మా గిది, డబ్బాలకెల్లి మాట్లాడుడు? మనిషొచ్చి మొకం మీద చెప్పుమను. గీ పరేషాన్ నాకొద్దు, బోరబండల ఇండ్లు లేవా నాకు' అంది."

"నవ్వకు. దాని తర్వాత మనిషి దొరక్క నెలరోజులు నేనే చేసుకున్నాను."

"నవ్వింది నువ్వు."

"నేనా? ...సరే, టైమెంతయింది?"

"ఉంది. మూడోది."

"కాగ్నిటివ్. సంఘటన కాదు, దాన్ని మనిషి ఎలా అనుకుంటున్నాడన్నది ముఖ్యం అంటారు వీళ్ళు. నేను ఫోనెత్తలేదనుకో. నువ్వేమనుకుంటావ్?"

"ఎక్కడో పెట్టి మర్చిపోయిందనుకుంటాను."

"ఆయన గ్యాస్ లీకైందనుకుంటారు. ఎవరో లోపలికొచ్చారనుకుంటారు. నేను పడిపోయాననుకుంటారు. ఈ మూడూ కళ్ళకి కట్టినట్టు కనిపిస్తాయి ఆయనకి. ఆ ఆలోచనని పట్టుకుని, దీనికి రుజువేంటి అని ఆ మనిషిచేతే అడిగించాలి. కొంచెం కొంచెంగా మారతారు."

"అడిగించావా?"

"మంచి మూడ్‌లో ఉన్నప్పుడు అడిగిద్దామనుకున్నాను."

"ఎప్పుడు?"

"నువ్వు టెన్త్‌లో ఉన్నప్పుడు."

"అమ్మా!"

"మానవతావాదం. దాంట్లో ఏమిటంటే, మనిషి పుట్టుకతో మంచివాడు. ఎదగాలనే చూస్తాడు. గౌరవం, ప్రేమ దొరక్కపోతే వంకర తిరుగుతాడు. ఆఫీసులో ఆయన మీద ఒక కుర్రాడిని పెట్టారు, జశ్వంత్ అని. నీకంటే ఓ ఆరేడేళ్ళు పెద్దుంటాడేమో. కంప్యూటర్లో ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టారట, కాసేపు మౌస్ కదలకపోతే వాడికి తెలిసిపోతుందట. బాత్రూముకి వెళ్ళొస్తే ఎక్కడికెళ్ళారని మెసేజి. అక్కడ ఆయన మాట ఎవరూ వినరు. ఇక్కడ ఒక్కటైనా ఆయన చెప్పినట్టు..."

"ఫ్యాన్ ఆగాలి."

"వెక్కిరించకు. ఆ మనిషిని ఉన్నదున్నట్టు ఒప్పుకుంటే తనే మారతాడంటుంది ఈ దృక్పథం. షరతులేం పెట్టకూడదు."

"నువ్వు పెట్టలేదుగా షరతులు?"

"లేదు."

"మారారా?"

"...ఇంకోటుంది, జీవశాస్త్ర దృక్పథం. మెదడు, హార్మోన్లు, వంశం, నిద్ర. అర్ధరాత్రిళ్ళు అమెరికా వాళ్ళతో కాల్స్, బీపీ మాత్ర సగం రోజులు మర్చిపోతారు. నిద్ర చాలకపోతే మెదడు ప్రతిదాన్నీ ముప్పనుకుంటుంది. దీనికి మందులున్నాయి."

"భలే చెప్పావమ్మా. నిజంగా. ఒక్కచోట కూడా తడబడలేదు. టవర్ మొత్తానికి కలిపి చెప్పే దృక్పథం లేదా?"

"ఉంది, చుట్టూ ఉన్న సమాజం మనిషినెలా తయారుచేస్తుందన్నది. మన గేటు దగ్గర పనిమనిషి అడుగుపెడితే ఫోను మోగుతుంది. పిల్లల బస్సు ఎక్కడుందో ఫోన్లో కనిపిస్తుంది. అసోసియేషన్ గ్రూపులో లిఫ్టు వీడియోలు పెట్టి, ఈ అమ్మాయి ఏ ఫ్లాటని అడుగుతారు. అందరూ అదే చేస్తుంటే చూడకుండా వదిలేసినవాడే బాధ్యత లేనివాడవుతాడు. అందుకని మీ నాన్నొక్కరినీ..."

"పెద్దమనిషి."

"పెద్దమనిషిని ఒక్కరినీ అనడానికి లేదు."

"ఎవరినీ అనడానికి లేదు. సరే జయంతి గారూ, రెండో కేసు."

"రెండో కేసేంటి? టైమైపోతోంది. చీర ఇస్త్రీ అయిందో లేదో."

"అయింది. కూర్చోండి. అదే ఇల్లు. ఒకావిడ. ఎమ్మే చదివింది. స్నానం చేస్తూ కూడా పలుకుతుంది. కన్నకూతురితో మాట్లాడాలంటే ఖాళీ మెషిన్ తిప్పుతుంది. ఆవిడ ఎందుకిలా చేస్తోంది?"

"ప్రిన్సిపాల్ ఇలాంటివి అడగదు."

"అడిగితే?"

"ఆయన కొట్టరు. తిట్టరు. తాగరు. జీతమంతా తెచ్చి ఇంట్లోనే..."

"ఇది ఏ దృక్పథం? అమ్మా, ఆయనకి ఇన్ని కారణాలు గబగబా అప్పజెప్పావు. ఆవిడకి ఒక్కటి చెప్పు."

"ఆవిడ గురించి చదవలేదు."

"అంటే?"

"అంటే ఏముంది. నేను ఎమ్మేలో ఎందుకు చేరాననుకున్నావ్? టైంపాస్‌కని మీ నాన్న అందరికీ చెప్తారు. ఆయన్ని అర్థం చేసుకుందామని చేరాను. అర్థమైతే సర్దుకుంటుందనుకున్నాను. ప్రతి పాఠంలోనూ ఆయనే కనిపించారు. పాఠం అయిపోయేసరికి ఆయన మీద జాలేసేది. ఇదివరకు పిలిచినప్పుడల్లా ఒళ్ళు మండేది రసా. వంటింట్లో గిన్నె ఎత్తి కొట్టేదాన్ని. ఇప్పుడు అదీ లేదు. అన్నీ అర్థమయ్యాయి, కోపం పోయింది. నాకంటూ ఉన్నది ఆ కోపమొక్కటే, అదీ పోయింది."

"అమ్మా..."

"ఏ లెక్కన చూసినా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది. చాలా, ఇంకా అడుగుతావా?"

"జయంతీ!"

"..."

"జయంతీ! ఎక్కడున్నావ్?"

"అమ్మా, నువ్వు లేవకు. పలకకు. నీ గొంతుతో నేను పలుకుతాను. ...ఆఁ, ఇక్కడే ఉన్నానండీ! బట్టలు తీస్తున్నాను!"

"కొరియర్ వాడొస్తాడు, తలుపు పూర్తిగా తీయకు!"

"అలాగేనండీ!"

"గొంతేంటి అలా ఉంది? జలుబా?"

"లేదండీ, దుమ్ము!"

"వేణ్ణీళ్ళు తాగు. సరే."

"చూశావా? నమ్మేశారు! ఇందులో నేను ఎక్స్‌పర్ట్‌ని. మొన్న నువ్వు కూరగాయలకి వెళ్ళినప్పుడు కూడా నేనే పలికాను. నువ్వు హాయిగా వెళ్ళిరా. సాయంత్రం దాకా నేనే జయంతిని. ...ఏంటలా చూస్తావ్?"

"ఎప్పుడు నేర్చుకున్నావది?"

"ఏది?"

"ఆ 'అలాగేనండీ'."

"నేర్చుకోవడమేంటి, రోజూ వింటున్నాగా. వచ్చేసింది."

"మళ్ళీ అను."

"అలాగేనండీ."

"వద్దు. అనకు. ఇంకెప్పుడూ అనకు."

"సరదాకమ్మా! నీ పని జరగాలని..."

"నా పని జరగక్కర్లేదు అలా. మెషిన్ ఆపు."

"ఆపితే వినిపిస్తుంది."

"వినిపించనీ. ఆపు. చీరెక్కడ పెట్టావ్?"

"మంచం మీద. అమ్మా, దొంగచాటుగా వెనక తలుపులోంచి వెళ్ళిపో, మెట్ల మీదుగా. హాల్లోంచి వెళ్తే కనిపిస్తావు."

"హాల్లోంచే వెళ్తాను."

"మళ్ళీ ఎక్కడా, ఎవరుంటారు, ఎండగా ఉంటుందేమో..."

"అననీ. అన్నిటికీ చెప్తాను. చెప్పి వెళ్తాను. ఇవాళ విప్పను."

హాలు. చీర కట్టుకుని కెమెరాకి ఎదురుగా జయంతి. గుమ్మంలో చెప్పులేసుకుని రసజ్ఞ.

"ఏమండీ."

"..."

"ఏమండీ, వినిపిస్తోందా? నేనే పిలుస్తున్నాను."

"జయంతీ? ఏమైంది? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదు. నేను లింగంపల్లిలో ఒక బడికి వెళ్తున్నాను, ఇంటర్వ్యూకి. కౌన్సెలర్ ఉద్యోగం. మీకు చెప్పకుండా అప్లై చేశాను. రసకి తలనొప్పేం లేదు. మెషిన్లో దుప్పట్లూ లేవు. ఇందాక పలికింది నేను కాదు, రస. ...అడగండి, ఏమడుగుతారో."

"..."

"ఏమండీ?"

"సరే, వెళ్ళిరా. మీటింగ్‌లో ఉన్నాను."

"అంటే..."

"వెళ్ళిరా జయంతీ. ఆల్ ది బెస్ట్. ఉంటాను."

"అమ్మా! అయిపోయింది! ఇంతకాలం భయపడ్డది ఇంతేనా? పద పద, లిఫ్టు నొక్కాను."

"అంతేనా?"

"అంతే! ఆల్ ది బెస్ట్ కూడా చెప్పారు!"

"ఏ బడి అని అడగలేదు."

"మంచిదేగా. నేను నీతో గేటు దాకా వస్తాను. ఆటో మాట్లాడదాం."

"ఎందులో వెళ్తావనీ అడగలేదు. కోపమొచ్చిందంటావా?"

"మీటింగ్‌లో ఉన్నారమ్మా. పక్కన ఆ జశ్వంత్ ఉండుంటాడు."

"గొంతెలా ఉంది? మామూలుగానే ఉందా?"

"మామూలుగానే ఉంది. ఇదిగో, లిఫ్టొచ్చింది. ఎక్కు."

"ఎప్పుడొస్తావని కూడా అడగలేదే."

"అమ్మా, ఎక్కు. తలుపు మూసుకుపోతోంది."

"ఒక్క నిమిషం పట్టుకో. తాళంచెవి ఇటివ్వు."

"ఏం మర్చిపోయావ్? చెప్పు, నేను తెస్తాను. సర్టిఫికెట్లు నా దగ్గరే ఉన్నాయి. అమ్మా! మళ్ళీ లోపలికెందుకు?"

"ఏమండీ... మీటింగ్‌లో ఉన్నారేమో. ఇంటర్వ్యూ పన్నెండింటికి. ఆటోలో వెళ్తున్నాను. రెండున్నరకల్లా వచ్చేస్తాను. ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి మీకు పంపాను, ఒకసారి చూడండి. ...ఏమండీ? కనిపిస్తున్నానా?"